ఖరీదైన బూట్ల తోలు అడుగుకు రబ్బరు పొర వేయడం: సమగ్ర మార్గదర్శి

తోలు అడుగుతో వచ్చే ఖరీదైన బూట్లు తివాచీ మీద, పొడి చెక్క నేల మీద నడవడానికి ఎంతో హాయిగా ఉంటాయి. అవే బూట్లు వానకు తడిసిన ఫుట్‌పాత్ మీద, ఫంక్షన్ హాలులో నున్నగా పాలిష్ చేసిన గ్రానైట్ మీద జారుతాయి. కంకర తేలిన రోడ్డు మీద వాటి అడుగు త్వరగా అరిగిపోతుంది. ఈ రెండు ఇబ్బందులకూ చాలాకాలంగా వాడుకలో ఉన్న పరిష్కారం, అడుగు ముందుభాగానికి పలుచని రబ్బరు పొరను అతికించడం. పని చిన్నదే గాని, దాని ఫలితమంతా అతికించడానికి ముందు జరిగే సిద్ధబాటు మీదనే ఆధారపడి ఉంటుంది. జిగురు ఎంత మంచిదైనా నున్నటి తోలు మీద, తడి ఉన్న తోలు మీద, నూనె పట్టిన తోలు మీద నిలవదు. అందుకే ఇక్కడ అతికించే ఘట్టం కంటే దానికి ముందున్న గీకడం, ఆరబెట్టడం, ఓపికగా ఆగడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

తోలు అడుగు స్వభావం

మేలైన అడుగుతోలును చెట్ల బెరడులోని టానిన్లు అనే వగరు పదార్థాలతో నెలల తరబడి నెమ్మదిగా పదును చేస్తారు. ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలో, కోలిటన్ అనే చిన్న పట్టణంలో ఉన్న బేకర్ కుటుంబపు తోళ్ల కర్మాగారంలో, ఓక్ చెట్టు బెరడు కలిపిన నీటి గుంటల్లో ఊరి అడుగుతోలు సిద్ధమయ్యేసరికి ఏడాది దాటుతుంది. మన ప్రాంతంలో ఇదే పనికి తరతరాలుగా తంగేడు చెక్కను వాడారు. బతుకమ్మలో పేర్చే పూలు పూసే ఆ తంగేడు బెరడే. ఇలా తయారైన తోలు గట్టిగా, బిగుతుగా ఉన్నప్పటికీ నీటిని పీల్చుకుంటుంది. నీరు తాగిన తోలు మెత్తబడి, పొడిగా ఉన్నప్పటి కంటే చాలా వేగంగా అరుగుతుంది. తడీ ఇసుకా కలిసిన చోట ఆ అరుగుదల మరింత పెరుగుతుంది.

బూటు అడుగును ఏ పద్ధతిలో కుట్టారో ముందుగా గుర్తించడం అవసరం. గుడ్‌ఇయర్ వెల్ట్ పద్ధతిలో, పైతోలుకూ లోపలి అట్టకూ కలిపి కుట్టిన వెల్ట్ అనే సన్నని తోలుపట్టీకి అడుగును విడిగా కుడతారు కాబట్టి, అరిగిన అడుగును ఊడదీసి కొత్తది వేయడం సాధ్యమవుతుంది. బ్లేక్ పద్ధతిలో ఒకే కుట్టు లోపలి అట్ట నుంచి అడుగు దాకా నేరుగా దిగుతుంది. అడుగు అరిగి ఆ దారం తెగితే బూటు విచ్చుకోవడం మొదలవుతుంది, అంతకు ముందే దారం వెంట తడి లోపలికి పాకుతుంది. మూడో పద్ధతిలో కుట్టు ఉండదు, అడుగు మొత్తం జిగురుతోనే నిలుస్తుంది. స్త్రీల హై హీల్స్‌లో ఎక్కువ భాగం ఈ కోవకే చెందుతాయి. రబ్బరు పొర వల్ల అత్యధిక ప్రయోజనం పొందేవి చివరి రెండు రకాలే అని నా అభిప్రాయం. వెల్ట్ బూట్లకు అది తప్పనిసరి కాదు, కాని వాటి అడుగును ఎన్నిసార్లైనా మార్చుకుంటూ పోవడం కుదరదు, ప్రతి మార్పుకూ వెల్ట్ కొంత బలహీనపడుతుంది గనుక, ఆ అవసరాన్ని వాయిదా వేయడం కూడా మేలే.

రబ్బరు వేస్తే తోలు ఊపిరి ఆడదనీ, లోపల చెమట నిలిచిపోతుందనీ ఒక వాదన చాలాకాలంగా ఉంది. కొందరు తయారీదారులు కూడా ఈ కారణంతోనే వద్దంటారు. వెల్ట్ బూటులో పాదానికీ నేలకూ మధ్య లోపలి అట్ట, కార్క్ పూత, జిగురు, దట్టంగా నొక్కిన అడుగుతోలు వరుసగా ఉంటాయి. ఇన్ని పొరలు దాటి కిందికి పోయే చెమట అంతంతమాత్రమే; అది ఎక్కువగా లోపలి అట్టలో ఇంకి, బూటు విప్పి పెట్టినప్పుడు పైనుంచి ఆరుతుంది. ఒక రోజు తొడిగిన జతకు మరునాడు విశ్రాంతినిచ్చేవారికి రబ్బరు పొర వల్ల ఈ విషయంలో నష్టం ఉండదు. వరుసగా రోజూ అదే జత వాడేవారికి రబ్బరు ఉన్నా లేకున్నా సమస్య తప్పదు.

ఏ జతకు, ఎప్పుడు

కొత్త జతను పెట్టెలోంచి తీసిన వెంటనే రబ్బరు వేయించడం కంటే, పొడి రోజుల్లో కొన్నిసార్లు తొడిగిన తరువాత వేయించడం మంచిది. ఆ కొద్దిపాటి నడకలో బూటు మీ పాదం వంగే చోట వంగడం నేర్చుకుంటుంది, అడుగు మీది మెరుపు పూత కొంత పోతుంది, సైజు సరిపోయిందో లేదో కూడా తేలిపోతుంది. రబ్బరు వేసిన జతను దుకాణం వెనక్కు తీసుకోదు. అయితే ఈ ఆలస్యం వానాకాలం దాకా సాగకూడదు. అమెరికా, కెనడా నగరాల్లో ఉండేవారు చలికాలానికి ముందే ఈ పని ముగించుకోవాలి, ఎందుకంటే మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తోలులోకి ఇంకి, తెల్లటి చారికలుగా పైకి తేలి, తోలును పెళుసుగా మారుస్తుంది.

పాత జత అయితే మొదట బొటనవేలితో అడుగు మధ్యభాగాన్ని గట్టిగా నొక్కి చూడండి. అక్కడ తోలు మెత్తగా లోపలికి దిగితే మిగిలిన మందం చాలదని అర్థం. దాని మీద రబ్బరు వేయడం వృథా, అడుగునే మార్పించాలి. రంధ్రం పడిన అడుగు మీద రబ్బరు అతికించి కప్పేయడం కొన్నిచోట్ల చూస్తాం. ఆ బూటులో కార్క్ పూత అప్పటికే నలిగిపోయి ఉంటుంది, నడిచే ప్రతి అడుగుకూ రబ్బరు ఆ గుంటలోకి వంగి చుట్టూ జిగురు విడుతుంది.

బాల్‌రూమ్ నృత్యం కోసం చేసిన స్వేడ్ (నూగు తోలు) అడుగు బూట్లకు ఈ పని చేయకూడదు, వాటికి జారడమే అవసరం. సేకరణ కోసం దాచుకునే, తిరిగి అమ్మే ఉద్దేశం ఉన్న జతల విషయంలోనూ ఆలోచించి చేయాలి. గీకిన అడుగు మళ్లీ పూర్వస్థితికి రాదు.

రబ్బరు, జిగురు, పనిముట్లు

ఈ పనికి తయారుచేసిన రబ్బరు షీట్లు 1 నుంచి 2 మిల్లీమీటర్ల మందంలో దొరుకుతాయి. ఇటలీలో విటాలే బ్రమానీ పర్వతారోహకుల కోసం 1937లో రబ్బరు అడుగులతో ఆరంభించిన విబ్రమ్ సంస్థ, ఫ్రాన్స్‌కు చెందిన టోపీ, ఇటలీకే చెందిన స్విగ్ ఈ పలుచని షీట్లకు పేరుపొందినవి. సన్నని సొగసైన బూట్లకు, హై హీల్స్‌కు 1 మిల్లీమీటరు చాలు. రోజూ ఆఫీసుకు తొడిగే పురుషుల బూట్లకు 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్లు అనువైనది. అంతకు మించితే ముందుభాగం లేచి, మడమ కిందికి దిగినట్లై, నిలబడినప్పుడు బరువు వెనక్కు పోతుంది. అప్పుడు మడమ రబ్బరును కూడా అంతే మేర పెంచవలసి వస్తుంది. చెప్పులకు వేసే మందపాటి మైక్రో షీటును ఈ బూట్లకు వాడకండి. ఆ మెత్తటి షీటు త్వరగా అణిగిపోతుంది, బూటు రూపాన్నీ పాడుచేస్తుంది.

జిగురు నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు ఆధారితమైన కాంటాక్ట్ రకానిది, అంటే రెండు ముఖాలకూ పూసి ఆరాక అతికించేది కావాలి. మన దగ్గర ఫెవికాల్ ఎస్‌ఆర్ తరగతిలో దొరికే పసుపురంగు జిగుర్లు ఈ కోవలోవి. విదేశాల్లో రెనియా, బార్జ్ పేర్లతో దొరుకుతాయి. వడ్రంగులు వాడే తెల్లని ఫెవికాల్ పనికిరాదు, అది ఆరాక వంగదు, తడికి విడుతుంది. చుక్క వేస్తే క్షణాల్లో అతికే సూపర్ గ్లూ గాజులా పెళుసెక్కి, బూటు వంగగానే పగులుతుంది. షీటు రబ్బరుది కాక పాలీయురేథేన్‌ది అయితే దానికి నియోప్రీన్ జిగురు సరిగా పట్టదు, పాలీయురేథేన్ జిగురే వాడాలి. కాబట్టి కొనేటప్పుడే షీటు దేనితో చేసినదో అడిగి తెలుసుకోండి.

వీటితోపాటు 60 లేదా 80 నంబరు గరుకు కాగితం, నునుపు చేయడానికి 120, 220, 320 నంబర్లు, పదునైన రంపి (చర్మకారులు తోలు కోసే కత్తి) లేదా కొత్త బ్లేడు వేసిన మామూలు కత్తి, మాస్కింగ్ టేప్, గట్టి వెంట్రుకల బ్రష్, గుండ్రని ముఖం ఉన్న సుత్తి, హెయిర్ డ్రయర్, బూటు లోపల బిగుతుగా నిలిచే చెక్క షూ ట్రీ, అంచుకు వేసే రంగు సిద్ధం చేసుకోవాలి. జిగురులోని ద్రావకాల ఆవిరి తలతిప్పిస్తుంది, నిప్పు అంటుకునే గుణం ఉన్నది కూడా. కిటికీలు తెరిచిన గదిలో, పొయ్యికీ దీపానికీ దూరంగా, పిల్లలు తిరగని చోట పని చేయాలి.

మొదటి దశ: ఆరబెట్టడం, గీత గీయడం

బూట్లను కనీసం రెండు రోజులు తొడగకుండా, నీడలో గాలి తగిలేలా ఒక పక్కకు వాల్చి ఉంచండి. ఎండలో పెట్టకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. వేగంగా ఆరిన తోలు ముడుచుకుని చిట్లుతుంది. ఈ రెండు రోజులూ అడుగుకు నూనె, మైనం, సిలికాన్ స్ప్రే వంటివి తాకనివ్వకండి.

తరువాత రబ్బరు ఎక్కడ ముగియాలో తేల్చుకోవాలి. బూటును సమతలంగా ఉన్న బల్ల మీద పెట్టి, మడమ వైపు నుంచి ఒక కాగితపు ముక్కను అడుగు కిందికి ముందుకు తోయండి. కాగితం ఆగిన చోటే అడుగు నేలను తాకడం మొదలయ్యే చోటు. అక్కడి నుంచి వెనక్కు, అంటే పాదపు వంపు వైపు, 10 నుంచి 15 మిల్లీమీటర్లు లెక్కవేసి గీత గీయాలి. రబ్బరు అంచు సరిగ్గా నేలను తాకే చోటనే ఉంటే ప్రతి అడుగుకూ నేల దాన్ని వెనక్కు తోస్తుంది, కొద్ది వారాల్లో లేస్తుంది. కాస్త వెనక్కు, గాలిలో ఉండే భాగంలో ముగిస్తే ఆ ఒత్తిడి ఉండదు. రెండు బూట్లకూ గీత ఒకే దూరంలో వచ్చేలా మడమ అంచు నుంచి కొలిచి సరిచూసుకోండి. గీతకు వెనుక, అలాగే అడుగు చుట్టూ పైతోలుకు దగ్గరగా మాస్కింగ్ టేప్ అంటించండి.

రెండో దశ: గీకడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకోవలసిన దశ ఇది. అడుగుతోలు పైముఖం కర్మాగారంలోనే నొక్కి, మైనమో లక్కో పూసి మెరిపించినది. జిగురు ఆ పూతకు పట్టుకుంటే పూతతో పాటే ఊడి వస్తుంది. 60 లేదా 80 నంబరు కాగితంతో ఆ మెరుపు మొత్తం పోయి, తోలు నార పైకి లేచి, రంగు అంతటా ఒకే విధంగా పాలిపోయేవరకు గీకాలి. వేలితో రాస్తే గరుకుగా తగలాలి, వెలుతురుకు వంచి చూస్తే ఎక్కడా మెరిసే మచ్చ కనిపించకూడదు. ముని (బూటు ముందు కొన) దగ్గరా అంచుల దగ్గరా చేయి సరిగా ఆడదు, లేవడం కూడా సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది, కాబట్టి ఆ చోట్ల రెట్టింపు శ్రద్ధ పెట్టండి.

చిన్న మోటారు పరికరం వాడేవారు వేగం తగ్గించి, ఒకే చోట ఆపకుండా కదిలిస్తూ ఉండాలి, ఎందుకంటే రాపిడి వేడికి తోలు కాలి మళ్లీ నున్నబడుతుంది. కుట్టుదారం పైకి కనిపించే అడుగుల్లో దారం తెగకుండా చూడాలి. కొన్ని మేలైన బూట్లలో దారాన్ని తోలులో కోసిన గాడిలో దాచి, పైన సన్నని తోలు రెప్పతో మూస్తారు. అక్కడ లోతుగా గీకితే ఆ రెప్ప పోతుంది, కాబట్టి పైపొర మెరుపు పోగానే ఆగిపోవాలి. షీటు అతికే ముఖాన్ని కూడా గీకాలి; కర్మాగారం నుంచి గరుకుగా వచ్చినా పైన ఉండే జిడ్డు పొర పోవడానికి ఇది అవసరం. పొడిని బ్రష్‌తో దులపాలే గాని తడిగుడ్డతో తుడవకూడదు.

మూడో దశ: షీటు కోయడం

గట్టి కాగితం మీద అడుగు ఆకారాన్ని గీసుకుని, దాని ప్రకారం షీటును చుట్టూ 3 లేదా 4 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయండి. వెనుక అంచు మాత్రం గీతకు సరిగ్గా సరిపోయేలా తిన్నగా ఉండాలి. ఆ అంచును కింది వైపు నుంచి ఏటవాలుగా చెక్కి, చివరకు అర మిల్లీమీటరు మందమే మిగిలేలా పలుచన చేయాలి. మెట్లు దిగేటప్పుడు తట్టుకోకుండా, రబ్బరు తోలులో కలిసిపోయినట్లు కనిపించేది ఈ చెక్కడం వల్లనే. చర్మకారులు రంపితో దీన్ని ఒక్క ఊపులో చేస్తారు. అలవాటు లేనివారు కొద్దికొద్దిగా చెక్కి, మిగిలినది గరుకు కాగితంతో సరిచేసుకోవచ్చు.

నాలుగో దశ: జిగురు, ఎదురుచూపు

తోలుకు మొదట పలుచని పూత వేసి 15 నుంచి 20 నిమిషాలు ఆరనివ్వండి. తోలు ఈ పూతను తాగేస్తుంది, అందుకే రెండో పూత కావాలి. రెండో పూతతో పాటు రబ్బరుకు ఒక పూత వేసి, రెండింటినీ విడివిడిగా ఉంచి ఆగాలి. వేలి వెనుక భాగంతో తాకినప్పుడు జిగురు తీగలా సాగకుండా, అంటీ అంటనట్లు తగిలితే సమయం వచ్చిందని అర్థం. సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది, డబ్బా మీద వేరే సమయం రాసి ఉంటే అదే పాటించండి. తడిగా ఉండగానే అతికిస్తే ద్రావకం రెండు పొరల మధ్య చిక్కుకుని, పైకి గట్టిగా కనిపించినా లోపల నెలల తరబడి మెత్తగా ఉండిపోతుంది.

విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర నగరాల్లో వానాకాలపు గాలిలో తేమ ఎక్కువ. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు జిగురు పైముఖం చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద తెల్లటి మసకలా పేరుకుంటుంది. ఆ మసక కనిపిస్తే అతికించకండి. హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చని గాలి పట్టి అది పూర్తిగా పోయాకే ముందుకు సాగండి. వీలైతే వాన లేని రోజునే ఈ పనికి ఎంచుకోవడం మేలు.

అయిదో దశ: అతికించడం, నొక్కడం

షూ ట్రీ లోపల బిగించి, రెండు జిగురు ముఖాలనూ హెయిర్ డ్రయర్‌తో ఒక నిమిషం పాటు వెచ్చబరచండి. కాంటాక్ట్ జిగురు తాకిన క్షణంలోనే పట్టేస్తుంది, జరిపి సరిచేసుకునే అవకాశం ఉండదు. అందుచేత ముందు వెనుక అంచును గీత మీద కచ్చితంగా ఆనించి, అక్కడి నుంచి ముని వైపు గాలి చిక్కుకోకుండా మెల్లగా పరుచుకుంటూ రావాలి. తరువాత సుత్తితో మధ్య నుంచి అంచుల వైపు, సందు లేకుండా, దగ్గర దగ్గరగా కొట్టాలి. ఈ జిగురుకు బలాన్నిచ్చేది ఎంతసేపు నొక్కామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నది. రాత్రంతా పుస్తకాల బరువు పెట్టడం కంటే రెండు నిమిషాలు శ్రద్ధగా సుత్తితో కొట్టడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

అంచు కోతకు కనీసం ఒక గంట ఆగండి. కత్తి మొనను పైతోలుకు దూరంగా వంచి, అర మిల్లీమీటరు మిగిలేలా కోసి, ఆ మిగిలినదాన్ని 120తో మొదలుపెట్టి 320 నంబరు కాగితం దాకా వరుసగా నునుపు చేయాలి. చివరగా అంచుకు రంగు వేసి, ఆరాక కొద్దిగా మైనం రుద్దితే రబ్బరూ తోలూ కలిసే రేఖ దాదాపు కనిపించదు. 24 గంటలు దాటాకే తొడగాలి.

ఎర్ర అడుగు బూట్ల విషయం

క్రిస్టియన్ లూబుటాన్ బూట్ల ఎర్ర అడుగు ఆ సంస్థ గుర్తింపు. ఆ రంగు మీద ట్రేడ్‌మార్క్ హక్కును, బూటు మిగతా భాగం వేరే రంగులో ఉన్నంతవరకు చెల్లుతుందని 2012లో అమెరికా అప్పీళ్ల న్యాయస్థానం సమర్థించింది. కాని ఆ ఎరుపు తోలు మీది లక్క పూత మాత్రమే, కొద్దిసార్లు రోడ్డు మీద నడవగానే ముందుభాగంలో చెదిరిపోతుంది. రబ్బరు వేయాలంటే ఆ భాగంలోని ఎరుపును పూర్తిగా గీకివేయక తప్పదు. సరిపోయే ఎర్ర రబ్బరు షీట్లు దొరుకుతాయి. వంపు భాగంలోని అసలు పూత అలాగే నిలిచి ఉంటుంది కాబట్టి రెండింటి ఛాయలో తేడా కొద్దిగా కనిపించవచ్చు, మెరుపులో మరికొంత. తరచూ తొడిగేవారికి నేను రబ్బరునే సూచిస్తాను. ఏడాదికి ఒకటి రెండు వేడుకలకే వాడి, పూతను కాపాడుకోవాలనుకునేవారు గీకే అవసరం లేని పారదర్శక ఫిల్మును అంటించుకోవచ్చు. అది గీతలు పడకుండా ఆపుతుంది, జారకుండా మాత్రం పెద్దగా ఆపదు.

పనివారికి అప్పగించేటప్పుడు

పైన చెప్పినదంతా ఇంట్లో చేయగలిగినదే అయినా, ఎక్కువ ధర పెట్టి కొన్న జత మీద మొదటిసారి చేయి పెట్టడం కంటే నైపుణ్యం ఉన్న చర్మకారుడికి ఇవ్వడం మంచిది. ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు ముందే స్పష్టంగా చెప్పాలి: మొలలు కొట్టవద్దు, కొత్తగా కుట్టు వేయవద్దు, 1.8 మిల్లీమీటర్లకు మించిన షీటు వద్దు, జిగురు ఆరేవరకు ఆగాలి. మొలలూ కుట్టూ వద్దనడానికి కారణం ఉంది. పలుచని అడుగులో దిగిన మొల పాదానికి తగులుతుంది, తడికి తుప్పు పడుతుంది. ఆరెతో (తోలుకు రంధ్రం చేసే పనిముట్టుతో) పొడిచిన ప్రతి రంధ్రమూ నీటికి దారి ఇస్తుంది. రోడ్డు పక్కన కూర్చునే పనివారిలో చేతి నైపుణ్యానికి లోటుండదు, వినియోగదారుడు నిలబడి తొందరపెట్టడమే పనిని చెడగొడుతుంది. బూట్లు వదిలి మరునాడు వస్తానని చెప్పి, ఆ సమయానికి తగిన కూలి ఇవ్వండి.

తరువాతి సంరక్షణ

కొన్ని వారాలకు ఒకసారి వెనుక అంచునూ మునినీ గోటితో తడిమి చూడండి. ఎక్కడైనా లేస్తే వెంటనే అక్కడి దుమ్మును దులిపి, లోపల గీకి, జిగురు రెండు వైపులా పూసి, ఆరాక సుత్తితో నొక్కితే సరిపోతుంది. ఆలస్యమైతే ఇసుక చేరి చీలిక పెరుగుతుంది. మునివేళ్లతో నేలను తన్నుతూ నడిచేవారికి రబ్బరు ముందుగా ముని దగ్గరే అరుగుతుంది, అలాంటివారు అక్కడ చిన్న లోహపు పలక బిగించుకోవడం మంచిది. మడమ రబ్బరు వేరే భాగం, అది ముందుభాగం కంటే ముందే అరగవచ్చు. దాని కింది తోలు పొరలు నేలను తాకకముందే మార్పించాలి.

రబ్బరు మీది గాళ్లు చెరిగి, ఏదో ఒక చోట తోలు తొంగిచూసే స్థితికి రాకముందే దాన్ని మార్చాలి. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబరిస్తే జిగురు మెత్తబడుతుంది, అప్పుడు వెనుక అంచు నుంచి నెమ్మదిగా లాగితే పొర ఊడి వస్తుంది. గట్టిగా లాగితే తోలు నార కూడా దానితో వస్తుంది కాబట్టి వేడి పట్టిస్తూ, లాగుతూ, ఆగుతూ సాగాలి. మిగిలిన పాత జిగురును గరుకు కాగితంతో తీసివేసి, కింది తోలును మళ్లీ బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా ఉంటే రెండో దశ నుంచి పని మొదలుపెట్టవచ్చు.